మదీనా నుంచి సగం ఖాళీగా వెళ్ళే విమానం

విమానం టికెట్ చవగ్గా కావాలంటే ఆరు నెలల ముందే కొనుక్కోవాలని సలహా ఇచ్చేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆరు నెలల ముందు తెలిసేవి స్కూలు సెలవులొక్కటే. మిగిలినవన్నీ సోమవారం తెలుస్తాయి, గురువారానికి అక్కడ ఉండమంటాయి.

నాకూ సోమవారమే తెలిసింది. రంజాన్ మొదటి వారం. మధ్యాహ్నం మూడు గంటలంటే సౌదీలో మేముండే రాబిగ్‌లో కుక్క కూడా కదలదు. దుకాణాలన్నీ షట్టర్లు దించేసి ఉంటాయి. ఆ వేళ ఫోన్ మోగిందంటే ఇండియా నుంచే. చూస్తే మా చెల్లెలు.

"అక్కా, గురువారం పదకొండు గంటలకి నా పెళ్ళి."

"ఏ గురువారం?"

"ఈ గురువారమే."

మా చెల్లెలికి నలభై మూడేళ్ళు. హైదరాబాద్‌లో డిగ్రీ కాలేజీలో లెక్కలు చెబుతుంది. తొమ్మిదేళ్ళ క్రితం విడాకులయ్యాయి. ఇప్పుడు చేసుకోబోయే మనిషి అదే కాలేజీలో లైబ్రేరియన్. భార్య పోయింది. మెత్తగా మాట్లాడతాడు. ఆయన సంగతి నాకు ఏడాదిగా తెలుసు, పెళ్ళి తేదీయే తెలియదు. రెండో పెళ్ళంటేనే మండిపడే మా అన్నయ్యకి తెలియకూడదని, నెల క్రితమే ఇద్దరూ రిజిస్ట్రార్ ఆఫీసులో నోటీసు ఇచ్చి, నోరు మెదపకుండా కూర్చున్నారట.

"నాకు కూడా చెప్పవా?" అన్నాను.

"చెబితే నువ్వు అన్నయ్యతో గొడవ పెట్టుకుంటావు. గొడవలో తేదీ కూడా చెప్పేస్తావు."

అది నిజమే గనక మాట మార్చి, ఎవరెవరు వస్తున్నారని అడిగాను.

"సాక్షులు ముగ్గురు కావాలక్కా. ఇద్దరు ఆయన స్నేహితులు. మూడో సంతకం మా కాలేజీ అటెండర్ పెడతానన్నాడు. మంచివాడే, పాపం."

"మంచివాడైతే భోజనానికి పిలువు. సంతకం నేను పెడతాను."

"నువ్వెలా వస్తావే? మూడు రోజుల్లో టికెట్టంటే మాటలా?"

"అది నాకొదిలెయ్" అని పెట్టేశాను. ఆ మాట ఎందుకన్నానో చెప్పాలి.

దాని మొదటి పెళ్ళికి రెండు వందల మంది వచ్చారు. అది తెగిపోయేటప్పుడు కోర్టు మెట్ల మీద ఒక్కరు లేరు. నేనూ లేను. ఆ రోజుకి రావాలని టికెట్లు చూశాను. ధర చూసి ఆగిపోయాను. ఫోన్‌లో మాత్రం, "మళ్ళీ ఎప్పుడైనా చేసుకుంటే నీ పక్కన నేనుంటానే" అన్నాను. అది "సరేలే అక్కా" అంది. ఆ "సరేలే" తొమ్మిదేళ్ళుగా నా చెవిలోనే ఉంది. ఇప్పుడు కూడా ధర చూసి ఆగిపోతే, ఇక జన్మలో దాని ముందు నోరెత్తే హక్కు నాకుండదు. నోరెత్తకుండా నేను బతకలేను.

పోనీ మా ఆయన్ని అడగొచ్చు. ఇస్తారు. ఇస్తూ మా అన్నయ్య మనసు కష్టపెట్టకూడదని నాలుగు మంచి మాటలు కూడా చెబుతారు. ఆ మాటలతో కలిపితే టికెట్ మరీ ప్రియమైపోతుంది. అందుకని నా ట్యూషన్ డబ్బులతోనే వెళ్ళాలనుకున్నాను. క్వార్టర్స్‌లో పదకొండు మంది పిల్లలకి సోషల్ చెబుతాను. ఆ డబ్బు తక్కువే గానీ దాని వెంట సలహాలు రావు.

సాయంత్రం దాకా ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. జిద్దా నుంచి హైదరాబాద్‌కి బుధవారం నేరుగా వెళ్ళేది ఒకటుంది. దాని ధరతో మామూలు రోజుల్లో నలుగురం వెళ్ళి రావచ్చు. చవగ్గా ఉన్నది మధ్యలో ఏదో ఊళ్ళో పంతొమ్మిది గంటలు కూర్చోబెట్టి, గురువారం మధ్యాహ్నానికి దించుతుంది. అప్పటికి పెళ్ళిభోజనాలు కూడా అయిపోతాయి. ఇఫ్తార్ తర్వాత బజారులో ట్రావెల్స్ షాపు తెరిచారు. అక్కడి మలయాళీ అతను నా మొహం చూడకుండానే, "మేడం, జిద్దా ఫుల్" అన్నాడు.

"ఫుల్ అయితే ఇక్కడ రెండు సీట్లు చూపిస్తోందేంటి?" అని ఫోన్ చూపించాను.

"ఆ రెండూ డబ్బున్నవాళ్ళ కోసం, మేడం" అన్నాడు. నిజం చెప్పేవాళ్ళంటే నాకు గౌరవమే. అయినా వాదించి వచ్చాను.

రాత్రి భోజనాల దగ్గర మా ఆయనకి చెప్పాను. ఆయన ఇక్కడి రిఫైనరీలో సేఫ్టీ ఆఫీసరు. నిచ్చెన ఎక్కేవాడి చెప్పుల నుంచి వంటింట్లో గ్యాసు గొట్టం దాకా అన్నిటికీ నిబంధన ఉండాలనే మనిషి.

"వీడియో కాల్‌లో అక్షింతలు వేస్తే సరిపోదా?" అన్నారు.

"సంతకం కూడా వీడియో కాల్‌లో పెట్టనిస్తారేమో కనుక్కోండి."

"మీ అన్నయ్య..."

"మా అన్నయ్య టికెట్ కొనిస్తాడా? కొనివ్వడు కదా. అయితే ఆయన సంగతి ఎందుకు?"

మంగళవారం పొద్దున ట్యూషన్ పిల్లల ఇళ్ళకి పుస్తకాలు ఇవ్వడానికి బయల్దేరాను. నన్ను తిప్పేది ప్రొద్దుటూరు నుంచి వచ్చిన డ్రైవరు. సొంతంగా ఏడు సీట్ల బండి నడుపుతాడు. నేనెక్కితే రేడియో అక్కర్లేదంటాడు. ఆ రోజు రేడియో గట్టిగానే మోగింది. విమానాల కంపెనీలను, మా అన్నయ్యను, మలయాళీ అతన్ని, అందరినీ కలిపి తిడుతున్నాను.

అతను ఉపవాసంలో ఉండి కూడా ఓపిగ్గా విన్నాడు. విని అన్నాడు: "అక్కా, మదీనా నుంచి సూస్తివా?"

"మదీనా మాకెక్కడిది? మేం హిందువులం, పోకూడదుగా."

బండి పక్కకి ఆపి మరీ నవ్వాడు. "అదేందక్కా, ఇన్నేండ్లుగా ఈడనే ఉండావు! మీరు పోగూడనిది మసీదు సుట్టూ ఉండే హరమ్ హద్దు లోపలికి. ఏర్‌పోర్టు దానికి బయట ఉండాది. మీవోళ్ళు ఎవురైనా ఎక్కొచ్చు, దిగొచ్చు."

"నిజంగానా?"

"అబద్దమైతే నా ఉపాసం నాకెందుకక్కా? ఇంకోటి ఇను. ఇప్పుడు ఉమ్రా యాత్రకొచ్చే హైదరాబాదోళ్ళు ముందు మదీనాలో దిగుతాండారు. నాలుగు దినాలుండి, నా మాదిరి బండెక్కి మక్కా పోతారు. ఇంటికి పొయ్యేటప్పుడు మళ్ళా మదీనా దాకా ఎవురొస్తారు? జిద్దాలోనే ఎక్కుతారు. నిన్న గూడా ఆరుమందిని అట్లనే తోలుకొని పోతి. అందుకే జిద్దాలో సీటు దొరకదు, మదీనా ఇమానం ఖాళీగా పోతాది."

నేను డిగ్రీలో పొలిటికల్ సైన్స్ చదివాను. ఈ విషయం నాకంటే అతనికి బాగా అర్థమైంది. ఫోన్ తీసి, 'ఎక్కడి నుంచి' అన్న చోట జిద్దా కొట్టేసి మదీనా అని పెట్టాను.

బుధవారం. పొద్దున పది నలభైకి. నేరుగా హైదరాబాద్. సాయంత్రం ఆరున్నర దాటాక దిగడం. ధర జిద్దా ధరలో మూడో వంతు కూడా లేదు. మళ్ళీ చూశాను. కళ్ళజోడు తుడుచుకుని మూడోసారి చూశాను.

రాబిగ్ నుంచి ఇటు జిద్దా రెండు గంటలైతే అటు మదీనా మూడు గంటలు. పదహారేళ్ళలో ఒక్కసారి కూడా ఆ ఊరి పేరు ఆ గడిలో టైపు చేయలేదు. చేయొద్దని ఎవరూ అనలేదు. రోడ్డు మీద 'ముస్లింలకు మాత్రమే' అన్న బోర్డు ఒకటి చూసి, ఆ దిక్కంతా మనది కాదని మాకు మేమే అనుకున్నాం. ఇక్కడి మావాళ్ళంతా అంతే. భయం కొంత, మర్యాద కొంత. ఏది ఎంతో ఎవరూ విడదీసి చూసుకోలేదు.

ఇంకో సంగతి ఉంది. ఆ ధరకి చేతిసంచీ ఒక్కటే, ఏడు కిలోలు. సౌదీ నుంచి ఇంటికి వెళ్ళే తెలుగువాడు ముందు కిలోలు అడిగి తర్వాత విమానం అడుగుతాడు. దుప్పటి, పాలపొడి డబ్బాలు, సబ్బులు, సెంట్లు, తాడుతో కట్టిన అట్టపెట్టె లేకుండా దిగితే పరువు పోతుంది. నేనూ అలాగే మోసుకెళ్ళాను ఇన్నాళ్ళూ. ఆ అట్టపెట్టెల బరువు తీసేస్తే టికెట్ ఇంత తేలికవుతుందని అప్పుడే తెలిసింది.

వెళ్ళడానికి మాత్రం టికెట్ బండిలో కూర్చునే కొనేశాను. ముందు కొని తర్వాత వాదించాలి. అప్పుడే వాదనకి బలం.

మా ఆయన ఇంటికి వచ్చాక చెప్పాను. ఆయన మొహం పాలిపోయింది.

"మదీనా? నీకు మతి పోయిందా? పట్టుకుంటే ఏం చెబుతావు?"

"ఏర్‌పోర్టు బయట ఉందట."

"ఉందని ఎక్కడ రాసుంది?"

"ఎక్కకూడదని ఎక్కడ రాసుందో మీరు చూపించండి. నిబంధనల మనిషి కదా."

అదొక్కటే ఆయనతో పనిచేసే మాట. కంప్యూటరు ముందు కూర్చున్నారు. మ్యాపు తీసి, హరమ్ సరిహద్దు ఎక్కడుందో, విమానాశ్రయం ఎక్కడుందో, మధ్యలో ఎన్ని కిలోమీటర్లో కొలిచారు. ప్లాంటులో సెక్యూరిటీ చూసే సౌదీ ఆయనకి ఫోన్ చేశారు. అవతలి ఆయన ఏమన్నాడో గానీ ఈయన "ఓకే, ఓకే, షుక్రన్" అని మాత్రం నాలుగుసార్లన్నారు. దేశం దాటి మళ్ళీ రావడానికి కావలసిన ఎగ్జిట్ రీ-ఎంట్రీ వీసా ఆయన ఫోన్‌లోంచే రావాలి, కుటుంబానికి స్పాన్సరు ఆయనే గనక. వేలు ఆ బటన్ మీద పెట్టి ఆగారు.

"నేనూ వస్తాను" అన్నారు.

"పెళ్ళికా?"

"ఏర్‌పోర్టు దాకా. నిన్ను ఒక్కదాన్ని పంపను."

"నొక్కండి ముందు."

నొక్కారు.

నేను ఎవరికీ చెప్పలేదు. చీకటి పడేసరికి మా బిల్డింగులో ఏసీలు చూసే జగిత్యాల అతను తలుపు కొట్టాడు. డ్రైవరు నోరు తెరిచాడన్నమాట. చేతిలో టేపు చుట్టిన పొట్లం.

"మేడం, రేపు పోతున్నరంట గదా. గిదొక్కటి పట్టుకపోరాదుండ్రి. మా తమ్ముడు వచ్చి తీస్కుంటడు. కిలోనే ఉంటది."

"నా మొత్తం సామానే ఏడు కిలోలు బాబూ."

"ఏడు కిలోలా!" నా వంక జాలిగా చూశాడు. "అయితే ఏంది మేడం, సార్‌కి జీతం రాలేదా?"

"జీతం వచ్చింది. నాకు బుద్ధి వచ్చింది" అన్నాను. మదీనా సంగతి, ధర సంగతి చెప్పాను. అతను పొట్లం చంకలో పెట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"మదీనాకెల్లి మనం పోవచ్చా? నిజమా మేడం? పోయినేడు మా నాయినకు బాగలేదంటే జిద్దాల టికెట్ దొరకక మూడు దినాలు ఆగిన గదా."

పొట్లం తీసుకుని తూచాను. చెప్పినదానికంటే అర కిలో ఎక్కువే ఉంది. నా చెప్పుల జత ఒకటి తీసి బయట పెట్టి, అది లోపల పెట్టాను.

బుధవారం తెల్లవారుజామున, డ్రైవరు ఉపవాసానికి ముందు సహరీ తిని నమాజు చేసుకున్నాక బయల్దేరాం. మా ఆయన ముందు సీట్లో ఫోన్‌లో మ్యాపు పెట్టుకుని, బండి తానే నడుపుతున్నట్టు కూర్చున్నారు. రెండు గంటలు ఒక్కటే ఎడారి, ఒంటెల బోర్డులు, అక్కడక్కడా పెట్రోలు బంకులు. ఊరు దగ్గరపడ్డాక హరమ్ సరిహద్దు అన్న బోర్డు కనిపించింది.

"అదిగో! అదిగో బోర్డు! పక్కకి తిప్పు!" అని మా ఆయన అరిచారు.

"సార్, ఇంకా మూడు కిలోమీటర్లుండాది మన మలుపు. నేను దినామూ తిరిగే దోవ ఇది."

"ముందే ఎడమ లేన్‌లోనో కుడి లేన్‌లోనో ఉండాలయ్యా, చివర్లో తిప్పడం సేఫ్ కాదు."

"అక్కా, సార్‌కి కండ్లు మూసుకొమ్మని సెప్పు" అన్నాడు డ్రైవరు. ఊరి బయట రింగు రోడ్డు పట్టుకుని ఎక్కడా ఆగకుండా విమానాశ్రయం ముందు దించాడు. ఒక్కరు ఆపలేదు. ఒక్కరు అడగలేదు.

అంతటితో అయిపోయేది. కానీ మా ఆయన మనసు ఊరుకోలేదు. అంత దూరం వచ్చి నిబంధన ఖాయం చేసుకోకుండా ఎలా వెళతారు? గుమ్మం దగ్గరున్న పోలీసు దగ్గరికి తానే నడిచి వెళ్ళి, ఇంగ్లీషులో, "సర్, మేం ముస్లింలం కాము. మా ఆవిడ లోపలికి వెళ్ళొచ్చా?" అని అడిగారు. నేను వెనక నుంచి చొక్కా పట్టుకు లాగుతూనే ఉన్నాను.

పోలీసు నా బొట్టు వంక చూశాడు, సంచీ వంక చూశాడు. "టికెట్?" అన్నాడు. చూపించాను. "పాస్‌పోర్ట్?" చూపించాను. "హైదరాబాద్, లోపల కుడివైపు" అని, మా ఆయన్ని మాత్రం ఇంకాసేపు చూశాడు. సంచీ లేకుండా, టికెట్ లేకుండా తిరిగే మనిషి ఆయనొక్కడే అక్కడ.

డ్రైవరు బండిలోంచి ఒక డబ్బా తెచ్చాడు. "అక్కా, మదీనా ఖర్జూరాలు. మీ చెల్లెలి పెండ్లిలో పంచు. బరువంటావా, చేతిలో పట్టుకొని పో. చేతిలో ఉండేదాన్ని ఎవురూ తూచరు."

తూచలేదు. విమానం ఎక్కి చూద్దును కదా, అతను చెప్పినట్టే సగం ఖాళీ. నా వరసలో మూడు సీట్లకీ నేనొక్కదాన్నే. పొద్దుటి నుంచీ, చుట్టూ ఉపవాసాలతో ఉన్నవాళ్ళ మధ్య బావుండదని మంచినీళ్ళు కూడా తాగలేదు. పైకి లేచాక ఒక సీసా మొత్తం తాగేసి, కాళ్ళు చాపుకుని పడుకున్నాను. ఇన్నేళ్ళ ప్రయాణాల్లో కాళ్ళు చాపుకోవడం అదే మొదటిసారి.

హైదరాబాద్‌లో సామాను కోసం నిలబడే పని కూడా లేదు. అందరికంటే ముందు బయటికి వచ్చాను. చెల్లెలు కటకటాల అవతల నిలబడి నా వెనక ట్రాలీ కోసం వెతికింది.

"సామానేదే?"

"నేనే సామాను. పద."

అది నవ్వబోయి ఏడ్చింది. రోడ్డు మీద ఏడవడం దానికి అలవాటు లేదు. నాకు ఓదార్చడం అలవాటు లేదు. ఇద్దరం కాసేపు ఇబ్బందిపడి, తర్వాత కారెక్కాం. ఖర్జూరాల డబ్బా దాని ఒళ్ళో పెట్టాను.

గురువారం పదకొండు అన్నది పదకొండున్నర అయింది. రిజిస్ట్రార్ ఆఫీసు బెంచీ మీద నేను, లైబ్రేరియన్ స్నేహితులిద్దరు, చివర కాలేజీ అటెండర్ కూర్చున్నాం. సంతకం తన నుంచి తప్పిపోయినా ఆ పెద్దమనిషి దండలు పట్టుకుని వచ్చాడు. నిజంగానే మంచివాడు. చెల్లెలు పొద్దునే అన్నయ్యకి మెసేజ్ పెట్టిందట. సరిగ్గా అప్పుడే నా ఫోన్ మోగింది.

"విన్నావా మన చెల్లెలి ఘనకార్యం?" అన్నాడు అన్నయ్య, నేను రాబిగ్‌లో ఉన్నాననుకుని. "మన వైపు నుంచి ఒక్క పురుగు వెళ్ళడం లేదు. అప్పుడు తెలుస్తుంది దానికి."

"ఒక పురుగు వచ్చింది అన్నయ్యా. సాక్షుల బెంచీ మీద కూర్చునుంది."

"నువ్వా? ఎప్పుడొచ్చావు? టికెట్ ఎలా దొరికింది?"

తొమ్మిదేళ్ళలో నేను విన్న మంచి ప్రశ్న అది. "నన్ను పిలుస్తున్నారు, తర్వాత చెబుతాను" అని పెట్టేశాను. వాదించే అవకాశం ఉండి కూడా వదులుకోవడం, నాకు తెలిసి, అదే మొదలు.

సంతకం పెట్టాను. అడ్రసు గడిలో రాబిగ్, సౌదీ అరేబియా అని రాశాను. గుమాస్తా అది చదివి తలెత్తాడు.

"సౌదీ నుంచి ఈ సంతకానికే వచ్చారా మేడం?"

"దీనికే."

చెల్లెలు ఖర్జూరాల డబ్బా చాపింది. ఆయన ఒకటి నోట్లో వేసుకుని, కళ్ళు మూసి నమిలి, రెండోది తీసుకున్నాడు. "ఎక్కడివమ్మా ఇవి?"

"మదీనావి" అన్నాను. ఆయన నా బొట్టు వంక చూశాడు, నిన్న ఆ పోలీసు చూసినట్టే. "అక్కడ విమానం ఎక్కాను. టికెట్ చవక" అని చెప్పాను. ఆయన ఆ మాట పక్క టేబుల్ ఆయనకి చెప్పాడు. పక్కాయన కొడుకు కూడా జిద్దాలో ఉన్నాడట. అక్కడే కాగితం తీసుకుని రాసుకున్నాడు.

భోజనాల దగ్గర మా ఆయన మెసేజ్ వచ్చింది. జగిత్యాల అతని తమ్ముడు పొట్లం తీసుకున్నాడా అని మొదటి లైను. కింద ఒక ఫొటో. నేను తిరిగి వెళ్ళడానికి, పండగ అయ్యాక హైదరాబాద్ నుంచి జిద్దా వచ్చే విమానం, నేను కొన్నదానికంటే తక్కువ ధరకి. దాని కింద ఆయన రాసింది: "ఉమ్రా వాళ్ళని ఎక్కించుకుపోవడానికి ఖాళీగా వస్తుంది. లెక్క కట్టి చూశాను. ఏడు కిలోలే, పరవాలేదా?"

చెల్లెలికి చూపించాను. అది చదివి, "బావగారు నీ దారికి వచ్చేశారే" అంది.

"ముందు ఆ పోలీసు దగ్గరికి ఎందుకు వెళ్ళారో చెప్పమను" అంటూ ఆయనకి టైపు చేశాను: "కొనండి."